సంకల్పములో చెప్పని పేరు

వేదాద్రిలో కృష్ణాస్నానము చేసి శ్రీయోగానంద నృసింహుని సేవింపబోవు యాత్రికుడు సంకల్పమున గోత్రమును నామమును చెప్పుకొనును. మనస్సులోని గాయమును చెప్పుకొనడు. అయినను మనుష్యుని తీర్చు వానిలో అదియు నొకటి. గాయమునకు విశ్వాసమును కులాచారమును తోడైనప్పుడే "నేను" అను భావమునకు రూపము కలుగును. ఇందుకు నిదర్శనము చేరువనున్న జగ్గయ్యపేట పేరులోనే కలదు.

పూర్వము బేతవోలు అనబడిన ఆ యూరికి అమరావతి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టెను. ఆయన బాల్యముననే తండ్రిని కోల్పోయినవాడు. పితృస్మరణమును ధర్మముగా నెంచు సంప్రదాయము ఆ లోటును ఒక పట్టణపు పేరుగా మార్చినది. నందిగామ బాటసారులు నేటికిని ఆ పేరు పలుకుచునే యున్నారు.

రెండవ గాయము ఆయన పరులకు చేసినది. దోపిడులు మాన్పుటకై చెంచులను విందునకు పిలిపించి చంపించెననియు, పిమ్మట ఆయన విస్తరిలోని అన్నము పురుగులుగా కనబడెననియు జనశ్రుతి. అమరేశ్వరుని ఆశ్రయించుట ఆ పరితాపఫలమే యందురు. మంగళగిరిలో శ్రీలక్ష్మీనృసింహస్వామి కోవెలకు 1807-1809 నడుమ 11 అంతస్తుల గోపురము కట్టించినదియు ఆయనయే.

ఆ కథ వినువారు గమనింపవలసిన దొకటి కలదు. అహోబిలమున చెంచులక్ష్మిని చేపట్టిన నృసింహుడు చెంచుల యల్లుడు. పారువేట ఉత్సవమున స్వామి నేటికిని వారి గూడెములకు తరలిపోవును. చెంచులను చంపించిన ప్రభువు చెంచుల యల్లుని వాకిటనే చేతులు మోడ్పవలసి వచ్చెను. గోపురమెంత ఎత్తైనను పోయిన ప్రాణములను తిరిగి తేదు. దేవుని గుమ్మము పాపమును కప్పుకొనుటకు గాదు, ఒప్పుకొనుటకు.

ప్రహ్లాదునికి తండ్రియే హింసకుడయ్యెను. ఏనుగులచే త్రొక్కించెను, అగ్నిలో త్రోయించెను. అయినను ఆ బాలుడు "నేను పీడితుడను" అనుకొనలేదు, "హరిదాసుడను" అనుకొనెను. అందుచేతనే వరము కోరుకొమ్మనగా తండ్రి పాపశుద్ధినే యడిగెను. తండ్రితో గూడ 21 తరములు పావనమైనవని స్వామి యనుగ్రహించినట్లు భాగవత సప్తమస్కంధము చెప్పుచున్నది.

గాయము తగులుట మనుష్యుని వశములో లేదు. దానిని ఎవరి పాదములకడ నుంచవలెనో యెంచుకొనుట వశములో నున్నది. కావున సంకల్పము చెప్పు గృహస్థుడు తన గోత్రనామములతోపాటు, తన్ను నొప్పించిన వారిని, తాను నొప్పించిన వారిని గూడ ఒక్క క్షణము తలచుకొనవలెను. సంకల్పమున లోపించిన పేరు అదియే.