పత్తి, మిరప చేలలో చెట్టుకు చోటెక్కడ?

చెట్టు నాటడం సదఖా అని మన మసీదుల్లో తరచుగా వింటూనే ఉంటాం. వినే రైతుకు సందేహం ఆ మాట మీద కాదు. “రెండెకరాల మిరప చేలో చెట్టు పెడితే నీడ పడి కాపు తగ్గదా? ఈ ఏడు కౌలు ఎవరు కడతారు?” అన్నది అతని ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా మొక్కలు పంచితే అవి ట్రాక్టరు దిగిన చోటే ఎండిపోతాయి.

పల్నాడు, గుంటూరు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో చెట్టు కొత్తేమీ కాదు. నల్లతుమ్మ, వేప, తాడి మన తాతల గట్ల మీద ఉన్నవే. కొత్తగా వచ్చింది తోట పద్ధతి. ప్రకాశం మెట్టల్లో పొలమంతా సుబాబుల్, జామాయిలు వేసి కాగితపు మిల్లులకు అమ్మారు. సుమారు నాలుగేళ్లకు ఒక కోత వస్తుంది, మోడు మళ్లీ చిగురిస్తుంది, కూలీల బాధ తక్కువ. కానీ ధర పడిపోయినప్పుడు, డబ్బు ఆలస్యమైనప్పుడు, ఆ పొలంలో తినడానికి గింజ కూడా లేదు. అప్పుచేసి పత్తి ఒక్కటే వేసినవారి కష్టం 1998లో చూశాం. ఒక్క పంటకే కట్టుబడితే ముప్పు, అది పత్తి అయినా కర్ర అయినా. వ్యవసాయ అటవీ పద్ధతి అంటే మన దృష్టిలో పంట పంటగానే ఉండాలి, చెట్టు అంచున నిలబడాలి. 2014లో కేంద్రం ఈ పద్ధతికి ప్రత్యేకంగా ఒక జాతీయ విధానమే తెచ్చింది.

ఇక నీడ సంగతి. మిరప, పత్తి రెండూ నిండు ఎండ కోరే పైర్లు. మిరప చేలో ఉండే కాలంలో ఎక్కువ భాగం సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు, కాబట్టి నీడ ఉత్తరానికి పడుతుంది. ఉత్తరపు గట్టు మీద చెట్లుంటే మన చేనుకు నష్టం తక్కువే. కానీ ఆ నీడ పక్కవాడి చేలో పడుతుంది! గట్టు తగాదాలు ఎంతదూరం పోతాయో చెప్పనక్కరలేదు. ఉత్తరాన దొంకో, కాలువో, బీడో ఉన్నచోట మొదలుపెట్టడం మంచిది. లేదంటే పక్క రైతుతో ముందే మాట్లాడుకుని ఫలసాయం చెరిసగం అనుకోవాలి. వేళ్లు చేలోకి రాకుండా చెట్ల వరుసకు, పైరుకు మధ్య కందకం తీసి ఏటా దాన్ని సరిచేసుకోవాలి. ఎకరం చదరంగా ఉంటే చుట్టుగట్టు సుమారు 250 మీటర్లు. నాలుగు మీటర్లకొకటి పెడితే అరవై మొక్కలు. అన్ని వైపులా పెట్టనక్కరలేదు, ఒక వైపు పదిహేనైనా చాలు.

ఏ చెట్టు అంటే, మొదట వేప అంటాం. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసిన సంగతి మరిచిపోలేదు. ఖరీదైన మందులు వరసగా కొట్టినా ఆగలేదు. వేప ఒక్కటే దాన్ని ఆపుతుందని చెప్పడం లేదు. కానీ అయిదు శాతం కషాయానికి వంద లీటర్ల నీటికి అయిదు కిలోల గింజల పప్పు చాలు, అది గట్టు మీదే దొరుకుతుంది. వేసవి చివర రాలిన పండ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజలు నీడలో ఆరబెట్టుకోవాలి. ఇది మన ఇళ్లలోని ఆడవారు చేయగల పని, అమ్మితే ఆదాయం కూడా. పచ్చిరొట్టకు గిరిపుష్పం మంచిది, కొమ్మ పాతినా బతుకుతుంది. బక్రీదుకు మేకలు పెంచే ఇళ్లకు సుబాబుల్ ఆకు బాగుంటుంది, అయితే దానిలో మిమోసిన్ అనే విషపదార్థం ఉంది కనుక మేతలో మూడోవంతుకు మించనీయకూడదు. టేకు పెట్టేవారు నరకడానికి అనుమతి కావాలని ముందే తెలుసుకోవాలి.

అసలు చిక్కు భూమి ఎవరిదన్నది. మనలో చాలామంది కౌలుదారులు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఒప్పందం పదకొండు నెలలకే. వక్ఫ్ చట్టానికి 2013లో జరిగిన సవరణ ప్రకారం వక్ఫ్ సాగుభూమి కౌలు మూడేళ్లకు మించితే చెల్లదు. మరి నాలుగైదేళ్లకు గాని కాయని వేపను ఏ కౌలుదారు నాటుతాడు? అతన్ని తప్పుపట్టలేం. చెట్టు నాటే బాధ్యత భూమి యజమానిది, వక్ఫ్ భూమిలో ముతవల్లిది కావాలి. కలప భూమికి, ఆకు, గింజ, ఎండుపుల్ల సాగుచేసేవాడికి అని కాగితం మీద రాసుకోవాలి. హద్దు వెంట చెట్ల వరుస ఉంటే ఆక్రమణదారు జరిగే వీలూ తగ్గుతుంది.

సొసైటీ తరఫున మనం చేయగలది మొక్కల కన్నా మొదటి రెండు వేసవుల నీళ్ల ఖర్చు. ఖర్జె హసనాగా ఇస్తే చాలు. నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి లేత వేళ్లను తెంపేస్తుంది. మార్చిలోపే మొదలు చుట్టూ మట్టి గుల్లచేసి, మిరప కట్టెతో కప్పి, వారానికో కుండ నీళ్లు పోయాలి. మేకలకు అందకుండా ముళ్లకంప కట్టాలి. మొక్క మన నడుమెత్తు దాటేవరకు ఈ పని తప్పదు.