పన్నుల చట్టం – చదివే పద్ధతి

ఎల్.ఎల్.బి.లో పన్నుల చట్టం అనగానే లెక్కలని మనలో చాలామంది భయపడతాం. నిజానికి అందులో లెక్క కంటే ముందు వచ్చేది హక్కు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు అని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతోంది. అక్కడే పాఠం మొదలుపెడదాం.

ఏ పన్ను గురించి చదివినా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: పన్ను దేనిపై? ఎవరు కట్టాలి? రేటు ఎంత? గడువు ఎప్పుడు? జవాబు గైడులో కాదు, చట్టం ప్రతిలోనే వెతకాలి.

1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. అయినా సీనియర్లు ఇచ్చిన పాత పుస్తకాలు పారేయవద్దు. పాత సంవత్సరాల కేసులకు పాత చట్టమే వర్తిస్తుంది.

ఇక ప్రాక్టీసు. ఒక కిరాణా కొట్టు యజమానికి జీఎస్టీ నోటీసు వచ్చిందనుకుందాం. ముందుగా తేదీ, సెక్షన్, జవాబు గడువు చూడాలి. తర్వాత బిల్లులు, రిటర్నులు పక్కపక్కన పెట్టి తేడా పట్టుకోవాలి. జవాబులోనే విచారణ కోరాలి. రాతపూర్వకంగా కోరినా, వ్యతిరేక ఉత్తర్వు ఇవ్వదలచినా, ఆయన మాట వినే అవకాశం ఇవ్వాలని కేంద్ర జీఎస్టీ చట్టం 75(4) సెక్షన్ అంటోంది. ఇది తెలియకపోతే ఆయన తన మాట చెప్పుకోకుండానే ఓడిపోతాడు.

మన ఇళ్లలో వకీళ్లు లేకపోవచ్చు. డిగ్రీ, బార్ కౌన్సిల్‌లో నమోదు, ఆలిండియా బార్ పరీక్ష, సీనియర్ దగ్గర ఓపికగా పని – ఇదే మన దారి. మన ఊరివాళ్ల చేతిలోని నోటీసు చదివి చెప్పగలిగిన రోజే మన చదువు సార్థకం.