'కాంటెక్స్చువల్' : సాందర్భికమా? సందర్భోచితమా?

ఆంగ్ల విమర్శను తెలుగు చేసేటప్పుడు 'కాంటెక్స్చువల్' అనే విశేషణానికి 'సందర్భోచితం' అనే మాటను వాడటం కొన్నిచోట్ల కనిపిస్తున్నది. వినడానికి ఇంపుగా ఉన్నప్పటికీ ఈ పర్యాయం మూలార్థాన్ని మార్చివేస్తున్నది.

'కాంటెక్స్ట్' అనే పదానికి మూలమైన లాటిన్ క్రియకు 'కలిపి నేయుట' అని అర్థం. సంస్కృతంలో 'సందర్భ' శబ్దానికి సైతం 'గ్రథనం, కూర్పు' అనే అర్థం ప్రసిద్ధం. జీవగోస్వామి 'షట్సందర్భములు' అనే పేరులో ఉన్నది ఈ అర్థమే. తెలుగులో నేడు 'సమయం, పరిస్థితి' అనే అర్థమే ప్రధానమైనది.

ఈ విశేషణం రెండు విషయాలను సూచిస్తుంది. ఒకటి వాక్యంలోని ఇరుగుపొరుగు పదాల సంబంధం. రెండవది పలికిన వేళకు, పరిస్థితికి గల సంబంధం. మాలినోవ్‌స్కీ 1923లో ప్రతిపాదించిన పరిస్థితి సందర్భం ఈ రెండవదే. 'పాలు' అనే పదాన్ని పరిశీలిద్దాం. 'పాలు విరిగినవి', 'పాలు దక్కినది' అన్నప్పుడు క్రియయే అర్థాన్ని నిర్ణయిస్తున్నది. 'నా పాలు నాకిమ్ము' అన్నప్పుడు మాత్రం వాక్యం చాలదు. భోజనవేళ అయితే క్షీరం, ఆస్తి పంపకమైతే వాటా. 'సైంధవం' భోజనవేళ ఉప్పు, ప్రయాణవేళ గుఱ్ఱం అగుట శాస్త్రప్రసిద్ధమే. అర్థనిర్ణయ హేతువులలో భర్తృహరి వాక్యపదీయంలో 'ప్రకరణము'ను పరిగణించాడు.

ఈ అర్థాలన్నీ సందర్భాధీనాలు. ఇందులో ఔచిత్య ప్రశంస లేదు. 'ఉచిత' శబ్దం చేరగానే యోగ్యతా నిర్ణయం ప్రవేశిస్తుంది. సందర్భాన్ని ఆధారం చేసుకొన్న వ్యాఖ్యానం ఒక్కొక్కప్పుడు పొరపడవచ్చు. అది 'సాందర్భిక వ్యాఖ్యానమే' గాని 'సందర్భోచిత వ్యాఖ్యానం' కాదు. రెంటికీ ఒకే పదం వాడినచో ఈ భేదాన్ని చెప్పుటకు మనకు మాటే మిగలదు. పరిశోధకుడు పరీక్షింపకముందే తీర్పు చెప్పినవాడగును.

కావున సంబంధమాత్రం వివక్షితమైనప్పుడు 'సాందర్భిక', ఆధారపడుట వివక్షితమైనప్పుడు 'సందర్భాధీన', తగిన తనాన్ని మెచ్చదలచినప్పుడు మాత్రమే 'సందర్భోచిత' అనుట సమంజసం. 'సందర్భసహిత వ్యాఖ్య' వ్రాయించే అధ్యాపకులకు ఈ వివేచన నిత్యావసరం. సందర్భాన్ని గుర్తించుట ఒక పని. ఔచిత్యాన్ని నిర్ణయించుట దాని తరువాతి పని.