ఇద్దరికీ ఒకటే తాళంచెవి

గుంటూరు

చిరంజీవి స్టెల్లాకు పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అడ్వాన్సు మాట్లాడుకున్నాక, నీతో కలిసి ఉండబోయే నస్రీన్ పేరు వినగానే ఇల్లుగలావిడ మొహం మార్చి "నువ్వొక్కదానివే అయితే ఇస్తాను" అందన్నమాట. ఏం చేయమంటావని అడిగావు.

నర్సుగా ఈ ఊరొచ్చిన కొత్తలో నాకూ ఇదే జరిగింది. నా పేరు చెప్పగానే "నిన్ననే ఇచ్చేశామమ్మా" అన్నారు. గేటుకి టులెట్ బోర్డు ఊగుతూనే ఉంది. ట్రంకుపెట్టెతో రోడ్డు మీద నిలబడ్డ నన్ను ఎదురింటి ఖాసింబీగారు లోపలికి పిలిచి, వెనక వాటా తాళంచెవి చేతిలో పెట్టారు. కులం అడగలేదు, చర్చి అడగలేదు. క్రిస్మస్‌కి అరిసెల పాకం ఆవిడే చూసేవారు.

ఇలా మతం అడ్డురాకుండా ఆడవాళ్లు కలిసి నిలబడ్డ సంగతి ఇంకొకటి చెబుతాను. లైబీరియాలో అంతర్యుద్ధం నడుస్తుండగా, మనలాగే లూథరన్ సంఘానికి చెందిన లేమా బోవీ చర్చిలో ఆడవాళ్లను కూడగట్టింది. అక్కడే అసాతు బా కెన్నెత్ అనే పోలీసు ఉద్యోగిని లేచి, తాను ముస్లిమునని, తమవాళ్లనూ తీసుకొస్తానని చెప్పింది. వాళ్లతో కలిస్తే మన విశ్వాసం పలచబడుతుందని క్రైస్తవుల్లో కొందరు గొణిగారు. అయినా 2003లో అందరూ తెల్లచొక్కాలు వేసుకుని, మన్రోవియా చేపల బజారు దగ్గర, అధ్యక్షుడు టేలర్ కారు వెళ్లే దారి పక్కనే ఎండనక వాననక కూర్చున్నారు. అక్రాలో శాంతి చర్చలు సాగదీస్తుంటే హాలు తలుపులకు అడ్డంగా బైఠాయించారు. ఆగస్టు 18న ఒప్పందం కుదిరింది. బోవీకి 2011లో నోబెల్ వచ్చింది. అంత చేసినా ఎవరి ప్రార్థన వాళ్లదే.

నువ్వూ అలాగే ఉండు. ముందు నస్రీన్‌ని అడుగు. ఆమెను అడక్కుండా ఆమె తరఫున గొడవకు దిగకు. ఆమె కష్టం చెప్పుకునేటప్పుడు బైబిలు తెరవకు. వీధిలో ఎవడైనా ఆమె వెంటపడితే పోలీసుల షీ టీమ్స్ దగ్గరికి తోడు వెళ్లు.

ఆమె తన ఇంటి సంగతి చెబితే "మీ మతమే అంత" అని మాత్రం అనకు. 2001 దాకా మన క్రైస్తవుల విడాకుల చట్టంలో భర్తకు విడాకులు కావాలంటే భార్య వ్యభిచారం రుజువైతే చాలు. భార్యకు మాత్రం అదొక్కటీ చాలేది కాదు. దెబ్బలు తిని వచ్చిన కోడలికి "ప్రార్థన చేసుకుని సర్దుకుపో" అని చెప్పి పంపిన పెద్దల్లో నేనూ ఉన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది. 2005 గృహహింస చట్టం ఏ ఆడదాన్నీ నీది ఏ మతమని అడగదు. అడగకుండా నిలబడటం మనమూ నేర్చుకోవాలి.

ఇక నస్రీన్‌తో మాట్లాడాక, ఆ గది వద్దని ఇల్లుగలావిడకి చెప్పు. ఎందుకు వద్దంటున్నావో కూడా మర్యాదగా ఆవిడ మొహం మీదే చెప్పు. ఇద్దరికీ కలిపి ఇచ్చే ఇల్లు దొరికేదాకా హాస్టల్లోనే సర్దుకోండి. గోంగూర పచ్చడి రెండు సీసాలు పంపుతున్నాను. ఒకటి నస్రీన్‌ది.

ప్రేమతో,
పెద్దమ్మ