పాత ప్యూటర్‌ పాత్ర ఏ పనికి పుట్టింది?



తగరం ప్రధాన లోహంగా, గట్టిదనం కోసం రాగిని గాని ఆంటిమొనీని గాని కొద్దిగా కలిపి, చవక రకాల్లో సీసం కూడా చేర్చి తయారుచేసే మిశ్రలోహాన్ని ప్యూటర్‌ అంటారు. ఇత్తడి గిన్నెల లోపల కళాయి వేయడానికి వాడే తగరమే దీనికీ ఆధారం. ఇంగ్లండ్‌లో మధ్యయుగాల చివరినుంచి 18వ శతాబ్దం దాకా, చెక్క పళ్లేల దశ దాటినా వెండి కొనే స్తోమత లేని ఇళ్లలోనూ, మద్యశాలల్లోనూ, చర్చిల్లోనూ ఈ పాత్రలు నిత్యం వాడుకలో ఉండేవి. ఇది సుమారు 230 డిగ్రీల సెల్సియస్‌ వేడికే కరిగే లోహం కావడం వల్ల అరిగిన పాత్రలను కరిగించి కొత్తవి పోతపోయించుకునేవారు. ఆ కరిగింపును తప్పించుకున్న కొద్దిపాటి పాత్రలు చేతులు మారి మారి వేలంశాలలకూ ప్రదర్శనశాలలకూ చేరేసరికి, వాటి అసలు పని తెలిసినవారు ఎవరూ మిగలరు; అమ్మకందారు పెట్టిన పేరే స్థిరపడిపోతుంది. ఆ పేరును పక్కన పెట్టి, పాత్ర పనిని పాత్రనుంచే రాబట్టడం ఈ విద్యలో మొదటి మెట్టు.

కొత్తగా నేర్చుకునేవారు పాత్ర చేతికి రాగానే తిరగవేసి ముద్ర కోసం వెతుకుతారు. ముద్రలు విలువైనవే. లండన్‌ ప్యూటర్‌ పనివారి సంఘానికి 1348 నాటికే నియమావళి ఉంది, పనివారు తమ ముద్రలను సంఘం దగ్గరుండే పలకలపై కొట్టి నమోదు చేసుకునేవారు, 1666 నాటి అగ్నిప్రమాదంలో పాత పలకలు నశించగా ఆ తర్వాతివి మిగిలాయి, హెచ్‌.హెచ్‌. కాటరెల్‌ 1929లో వెలువరించిన గ్రంథం నేటికీ ముద్రల విషయంలో పెద్ద ఆధారం. అయితే ముద్ర చేసినవారి పేరునూ కాలాన్నీ చెబుతుంది గాని, పాత్ర ఎందుకు చేశారో చెప్పదు. వెండి ముద్రలను అనుకరిస్తూ వరుసగా కొట్టిన నాలుగు చిన్న డాళ్ల గుర్తులైతే కొత్తవారిని తికమకపెట్టడానికే పుట్టినట్టుంటాయి. వాటికంటే పళ్లెం అంచుమీద త్రికోణంగా చెక్కిన మూడు అక్షరాలు ఎక్కువ ఉపయోగకరం: పై అక్షరం ఇంటిపేరుకూ, కింది రెండూ భార్యాభర్తల పేర్లకూ చెందినవి కాబట్టి, అది ఒక కాపురానికి చెందిన సామాను అనుకోవడానికి ఆధారం దొరికినట్టే.

పళ్లేల విషయంలో కత్తిగాట్లే ప్రధాన సాక్ష్యం. భోజనానికి వాడిన పళ్లెంలో గాట్లు మధ్యభాగంలో దట్టంగా, వేర్వేరు దిశల్లో, వేర్వేరు లోతుల్లో ఉండి అంచువైపు పలచబడతాయి. వెనుకవైపు బల్లకు ఆనే వలయంలోనే సన్నని గీతలు కనిపిస్తాయి. అంతటా ఒకే లోతులో, ఒకే తీరున గీతలుంటే అది ఇటీవల కృత్రిమంగా ముసలితనం తెప్పించిన సరుకేమోనని సందేహించాలి. గాట్లు లేని పెద్ద పళ్లెం అలంకరణకు నిలిపినదో, చర్చిలో కానుకలు పట్టినదో కావచ్చు. చర్చిదైతే చాలాసార్లు దానిమీద ఊరి పేరో సంవత్సరమో చెక్కి ఉంటుంది. రెండు పొరల మధ్య ఖాళీతో, పక్కన చిన్న మూతగల రంధ్రంతో ఉన్న పళ్లెం వేడినీళ్లు పోసి ఆహారం చల్లారకుండా కాపాడుకోవడానికి చేసినది.

చెంబులు, కూజాల దగ్గరికి వస్తే కళ్లకంటే నీళ్లు నమ్మకమైనవి. పాత్రను నీటితో నింపి, ఆ నీటిని కొలత గీతలున్న గాజు పాత్రలోకి ఒంపి చూడాలి. సుమారు 473 మిల్లీలీటర్లు పడితే అది పాత వైన్‌ పింట్‌. 577 దగ్గర పడితే పాత ఏల్‌ పింట్‌, అంటే బీరువంటి పానీయాల కొలత. 568 పడితే 1826లో అమల్లోకి వచ్చిన ఇంపీరియల్‌ పింట్‌. చివరి రెండింటికీ తేడా స్వల్పం కాబట్టి, ఒక్క సొట్ట పడినా లెక్క తారుమారవుతుంది. అప్పుడు అంచు దగ్గర తనిఖీ ముద్రల కోసం చూడాలి. కిరీటం కింద రాజు పేరు పొడి అక్షరాలతో అధికారులు కొట్టే ఈ ముద్రలు ఒకే పాత్రపై ఇద్దరు ముగ్గురు పాలకుల కాలానివి వరుసగా కనిపిస్తే, ఆ పాత్ర తరాల తరబడి దుకాణంలో కొలిచి అమ్మడానికే పనిచేసిందని నిస్సందేహంగా చెప్పవచ్చు. స్కాట్లండ్‌లో టాపిట్‌ హెన్‌ అనే నడుము సన్నని కూజా సుమారు 1.7 లీటర్ల స్కాట్స్‌ పింట్‌ను కొలుస్తుంది. దాని మెడ లోపల మొటిమంత బుడిపె ఒకటి ఉంటుంది, ద్రవం అక్కడిదాకా వస్తేనే సరైన కొలత. ఆ బుడిపెను గమనించక అంచుదాకా నింపిన విద్యార్థికి ఎక్కువ లెక్క వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ వివాదం చెవిపిడి ఉన్న లోతు తక్కువ గిన్నె గురించి. దీన్ని పోరింజర్‌ అంటారు; గంజి, సూప్‌ వంటివి తాగడానికి ఇళ్లలో వాడేవారు. ఇంగ్లండ్‌ వర్తకులు మాత్రం ఒంటిచెవి గిన్నె కనబడితే చాలు, వైద్యులు రోగి రక్తం తీసి పట్టే గిన్నె అని చెప్పి ధర పెంచుతూ వచ్చారు. నిజంగా రక్తం కొలవడానికి చేసినదైతే లోపలి గోడపై ఔన్సుల లెక్కన వలయాకారపు గీతలుండడం న్యాయం. గీతలు లేనిదాన్ని, పక్కన వేరే వైద్య సాధనాలు దొరికితే తప్ప, భోజన పాత్రగానే లెక్కించాలి. 1545లో మునిగిన మేరీ రోజ్‌ యుద్ధనౌకలో క్షురక వైద్యుని సామాన్ల మధ్య ప్యూటర్‌ సిరంజి దొరికింది. దొరికిన చోటు తెలియడం వల్ల దాని పనిమీద తగాదా లేదు. వేలంలో వచ్చిన గిన్నెకు ఆ అదృష్టం ఉండదు.

కథలు కట్టిన పాత్రలు ఇంకా ఉన్నాయి. గాజు అడుగున్న టాంకర్డ్‌ను, అంటే పిడిగల పానపాత్రను, నౌకాదళంలో చేర్చే దళారీలు పానీయంలో రహస్యంగా వేసే నాణేన్ని చూసుకోవడానికి చేశారనే కథ ప్రసిద్ధం; నౌకాదళానికి మనుషులను బలవంతంగా పట్టుకుపోయే అధికారం చట్టప్రకారమే ఉన్నప్పుడు ఈ మాయతో అవసరమేమిటో ఆ కథ చెప్పదు. చిన్న గుండ్రని డబ్బీ పైభాగంలో చుట్టూ రంధ్రాలుంటే అవి ఈకకలాలు నిలపడానికి, కనుక అది సిరాబుడ్డి, ఉప్పుగిన్నె కాదు. మూత అంచులో చెంచా కోసం గాడి ఉంటే ఆవపిండి ముద్ద పెట్టుకునే డబ్బీ.

పొడవాటి మూతకూజాల్లో కొన్ని చర్చివి. ఇంగ్లండ్‌ చర్చి 1603 నాటి నియమాలలో పూజకు తెచ్చే వైన్‌ను ప్యూటర్‌తో గాని అంతకంటే శుద్ధమైన లోహంతో గాని చేసిన పాత్రలో తేవాలని విధించింది. కొలత ముద్రలు లేకుండా, చర్చి పేరో దాతల పేర్లో ఉన్న పాత కూజాలను ఈ నియమంతో కలిపి చదువుకోవాలి.

ఈ గుర్తులన్నీ లోహపు పైపొరలోనే ఉంటాయి, అది మెత్తనిది. కాబట్టి ఇత్తడికి అలవాటైన చింతపండు, ఇసుక, పీచు ఈ పాత్రల దగ్గరికి రానివ్వకూడదు. తోమాలన్న ఆలోచన రాకముందే గాట్ల ఫోటోలు తీసి, నీటి కొలత పుస్తకంలో రాసుకోవాలి. సీసం కలిసిన పాత పాత్రలో పులుపు పదార్థం తగిలితే సీసం ఆహారంలోకి దిగుతుంది కనుక, పరీక్ష ముగిసిన పాత్రను బీరువాలో పెట్టాలి గాని భోజనానికి వాడరాదు.