గాయకులకు రావలసిన భాగము

పాఠము: నెహెమ్యా 13:10–12

నెహెమ్యా యెరూషలేమునకు తిరిగివచ్చి చూడగా, మందిరములో పాడవలసినవారు లేరు. తమకు రావలసిన భాగము అందనందున ఎవరి పొలమునకు వారు పోయిరి.

ఇట్టిదే లండను పట్టణములోను జరిగెను. అక్కడి పరిశుద్ధ పౌలు కథీడ్రల్‌లో 1123లో ఎనిమిదిమంది బీద బాలురను చేర్చుకొని, వారికి కూడును చదువును ఇచ్చి, ఆరాధనలో పాడించిరి. కాలక్రమమున పాట నిలిచెను గాని పోషణ సన్నగిల్లెను. 1811 నాటికి ఆ పిల్లలకు సరియైన చదువు లేదు. రాత్రివేళ కచేరీలలో పాడుటకు వారిని పంపుచుండిరి. మరియ హాకెట్ అను స్త్రీ తన బంధువుల బాలుని అక్కడ చేర్చి ఈ సంగతి కనుగొనెను. ఆమె పాత దస్తావేజులు వెదకి, పిల్లలకు రావలసినదేమో చూపుచు బిషప్పుగారికిని కథీడ్రల్ పెద్దలకును ఉత్తరములు వ్రాసెను. తక్కిన కథీడ్రళ్లకును పోయి అక్కడి పిల్లల స్థితి విచారించెను. అరువది యేండ్లు విసుగలేదు. ఆ బాలురకు క్రొత్త బడి కట్టిన 1874లోనే, తన 91వ యేట నిద్రించెను. ఆ బడి నేటికిని నడుచుచున్నది.

ప్రియులారా, మన కోటబొమ్మాళిలో క్రిస్మసుకు పిల్లలను పిలిచి కీర్తనలు నేర్పుదుము. వారు చక్కగా పాడిరని సంతోషింతుము. సంక్రాంతి దాటిన తరువాత వారిలో ఎవరు బడి మాని కూలికి పోయిరో అడుగుచున్నామా? ఇది వ్రాయుచున్న మేమును నిరుడు అడుగలేదు.

నెహెమ్యా పెద్దలను గద్దించి ఊరకుండలేదు. పోయినవారిని పిలిపించి వారి స్థలములలో నిలిపెను. అప్పుడు జనులు ధాన్యము తెచ్చిరి. మనమును ఈ నెల పాడు పిల్లల పేర్లు వ్రాసికొని, ఎవరికి పుస్తకములు లేవో కనుగొందము. ఇంటికొక కుంచెడు ధాన్యము తెత్తము.