మందుంది సరే, మెదడుకు చేరాలి కదా!

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా బాపుకు మెదడులో గడ్డ తీసేసిన్రు. ఆస్పత్రిలో మానిటాల్ సీసాలు ఎక్కిచ్చిన్రు. అది చక్కెర జాతిదేనని నర్సమ్మ చెప్పింది. బాపుకు ముందే షుగర్ ఉంది. ఏమన్నా అయితదా?
- ఒక పాఠకురాలు, శక్కర్‌నగర్, బోధన్

సమాధానం: మానిటాల్‌ను చక్కెర నుంచే తయారు చేస్తారమ్మా, నర్సమ్మ చెప్పింది నిజమే. కానీ నరంలో ఎక్కించినప్పుడు అది ఒంటికి పట్టదు, దాదాపు అంతా మూత్రంలో పోతుంది. మెదడులోని నీటిని లాగి వాపు తగ్గించడమే దాని పని. ఎక్కించే ముందు సీసాను వేడినీళ్లలో పెట్టడం మీరు చూసే ఉంటారు. చలికి అడుగున పలుకులు కడతాయి, అవి పూర్తిగా కరిగాకే ఎక్కించాలి. పలుకుల సంగతి చక్కెర ఊరైన బోధన్ వాళ్లకు నేను చెప్పాలా!

మీరు భయపడాల్సింది డెక్సామెథసోన్ గురించి. వాపు తగ్గడానికి ఇచ్చే ఆ స్టెరాయిడ్ షుగర్‌ను బాగా పెంచుతుంది. తరచూ పరీక్ష చేయించండి, అంతేగాని దాన్ని సొంతంగా మాత్రం ఆపొద్దు.

ప్రశ్న: డిచ్‌పల్లిలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మెదడు కణితులకు మందు చేర్చే పరిశోధన చేయాలని ఉంది. మనవాళ్లెవరైనా ఈ దారిలో నడిచారా?
- ఒక విద్యార్థి

సమాధానం: యల్లాప్రగడ సుబ్బారావు గారితో మొదలుపెడతాను. ఆయన మెదడు కణితుల మీద పనిచేయలేదు. అయినా ఈ రంగం ఎందుకు పుట్టిందో ఆయన మందు కథలోనే తెలుస్తుంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లారు. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌నూ, ఆ తర్వాత దాని పనికి అడ్డుపడే మందులనూ తయారు చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో పిల్లల్లో రక్త క్యాన్సర్ కొంతకాలం తగ్గుముఖం పట్టిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు గారు కన్నుమూసిందీ ఆ ఏడాదే.

దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. చిక్కెక్కడ వచ్చిందంటే, రక్తంలో జబ్బు తగ్గిన పిల్లల్లో అది మెదడు పొరల్లోంచి తిరగబెట్టేది. మెదడు రక్తనాళాల గోడల్లో కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి, చాలా మందులను అవి లోపలికి రానివ్వవు. అందుకని అదే మందును వెన్నులోంచి ఇవ్వడం మొదలుపెట్టారు. మెదడులో పుట్టే లింఫోమాకైతే నరంలో భారీ మోతాదు ఎక్కించి, మిగతా ఒళ్లు దెబ్బతినకుండా ల్యూకోవోరిన్ ఇస్తారు. ఒరెగాన్‌లో ఎడ్వర్డ్ న్యూవెల్ట్ అనే వైద్యుడు మరో దారి పట్టారు. మెదడుకు వెళ్లే ధమనిలోకి గాఢమైన మానిటాల్ పంపి, ఆ గోడ కణాలు ముడుచుకుని సందులు తెరుచుకున్న కాసేపట్లో మెథోట్రెక్సేట్ ఇచ్చారు. (బోధన్ అమ్మా, చేతి నరంలో ఎక్కే సీసా ఆ పని చేయదు.) మందు అదే, చేర్చే పద్ధతే మారుతూ వచ్చింది. మీరు చేరాలనుకుంటున్న రంగం ఇదే.

దీనికోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ పరిశోధకులు ఎల్-డోపా అణువును తగిలించిన లిపోజోములను (మందు మోసే సూక్ష్మమైన కొవ్వు బుడగలను) గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కణితి ఉన్న ఎలుకలపై ప్రయోగించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఎల్-డోపాను మెదడు తనంతట తానే లోపలికి తీసుకుంటుంది, దాన్ని అడ్డం పెట్టుకుని మందును దాటించాలన్నది ఆలోచన. ఎలుకలో ఫలించినవాటిలో చాలా భాగం మనిషిదాకా రావు. ఆ నిరాశకు ఓర్చుకోగలననుకుంటేనే దిగండి. సీఎస్ఐఆర్-నెట్‌లో జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే పీహెచ్‌డీకి జీతం ఇబ్బంది ఉండదు. ఫార్మసీ చదివిన మీ స్నేహితులుంటే జీప్యాట్ రాసి బాలానగర్ నైపర్‌కు ప్రయత్నించమనండి.

ప్రశ్న: పసుపు క్యాన్సర్ కణాలను చంపుతుందని అంటున్నరు. మా అన్నకు గ్లియోబ్లాస్టోమా. పొలంలో పండిన పసుపే రోజూ ముద్దలు చేసి ఇయ్యాల్నా?
- ఒక రైతు, ఆర్మూర్

సమాధానం: మీ పసుపు మేలైనదే, అనుమానం లేదు. అందులోని కర్‌క్యుమిన్ గాజు పళ్లెంలోని కణాలను చంపిందన్నదీ నిజమే. తిన్నప్పుడు పేగులు దాన్ని సరిగా పీల్చుకోవు, పీల్చుకున్న కాస్తా కాలేయం విరిచేస్తుంది. మెదడుదాకా చేరేది లెక్కలోకి రాదు. ఈ కణితికి వాడే టెమోజోలమైడ్ అనే మందు చిన్న అణువు కాబట్టి మెదడులోకి కొంత దాటగలదు. దాన్ని రేడియేషన్‌తో కలిపి ఇస్తే రెండేళ్లు బతికినవారు 10 శాతం నుంచి 26 శాతానికి పెరిగారని 2005లో తేలింది. ఇది గొప్ప విజయమని నేననను, కానీ పసుపు ముద్దకు ఈపాటి రుజువు కూడా లేదు. కూరలో పసుపు వేసుకోండి. కర్‌క్యుమిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. టెమోజోలమైడ్‌ను మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క రోజు కూడా మానిపించకండి.